ఏరికూర్చిన జట్టు

ఫుట్‌బాల్ అన్నంతనే మన కన్నులకు గట్టునది కాలితో బంతిని తన్ను ఆట. హైదరాబాదుకు చెందిన రహీము గారి శిక్షణలో భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము నందుకొన్నది ఆ ఆటలోనే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరుతో చెలామణి యగునది వేరొక ఆట. అందు కోలగానుండు బంతిని చేతబట్టి పరుగిడుదురు, దూరమునకు విసరుదురు. ఎదిరి పక్షమువారు మీదపడి కూలద్రోయుదురు. మైదానమున ఒక్కొక్క పక్షమునకు 11 మందియే యుందురు గాని, దాడికి దిగు 11 మంది వేరు, కాచుకొను 11 మంది వేరు. అనగా ఒక జట్టును కూర్చవలెనన్నచో 22 స్థానములు నింపవలెను. ఈ లెక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆ దేశమున ఈ ఆటను జీతమునకు ఆడు జట్ల కూటమిని లీగు అందురు. నేషనల్ ఫుట్‌బాల్ లీగు అనునది 1920లో పుట్టినది. దానికి పోటీగా పలుమారులు కొత్త లీగులు లేచినవి. చాలవరకు ఒకటి రెండేండ్లలో అప్పులపాలై అణగిపోయినవి. రెండు మాత్రము నిలిచి పోరాడినవి. పాత లీగు కొత్త దానితో ఆడుటకు ఒప్పుకొనదు. ఆడినచో సాటివాడని ఒప్పుకొన్నట్లగును గదా! మైదానమున తేలని తగవు పత్రికలకెక్కును. ఆ లీగులోని మేటి ఆటగాండ్రను 22 మందిని ఏర్చి ఒక జట్టు, ఈ లీగులోనివారితో మరొక జట్టు కాగితముపై నిలిపి, స్థానమునకు స్థానమును తూచి, ఏది గొప్పయో తేల్చుదురు. ఈ తూకము ఎట్లు సాగినది, త్రాసు ఎవరి చేతిలో నుండినది అనునదే నేటి ప్రసంగ విషయము.

ఏరికూర్చిన జట్టును పోటీకి దింపు ఆలోచనకు పెద్ద ప్రచారము కల్పించినవాడు ఒక పత్రికా రచయిత. చికాగో ట్రిబ్యూన్ క్రీడావిభాగ సంపాదకుడైన ఆర్చ్ వార్డ్ 1933లో బేస్‌బాల్ ఆటకు అట్టి పోటీ నొకదానిని ఏర్పరచి, మరుసటి యేడు ఫుట్‌బాల్ వైపు తిరిగెను. కళాశాలల చదువు ముగించిన మేటి యువకులను పత్రికా పాఠకుల ఓట్లతో ఏర్చి, వృత్తిజట్లలో విజేతయైన దానిపై దింపుట ఆయన ఏర్పాటు. 1934 ఆగస్టు 31న చికాగోలోని సోల్జర్ ఫీల్డున ఆ మొదటి ఆట జరిగెను. చికాగో బేర్స్ జట్టు పిల్లకాయలను చితుకగొట్టునని కొందరు, కాదని కొందరు వాదులాడుకొనిరి. తుదకు ఎవ్వరికిని ఒక్క పాయింటైనను రాలేదు: 0-0. తగవును తీర్చుటకు పుట్టిన ఆట మొదటనే తీర్పు చెప్ప నిరాకరించినది! అయినను ఆ పోటీ 1976 వరకు సాగినది. 1963లో విద్యార్థుల జట్టు, అప్పటికి వరుసగా రెండేండ్లు విజేతగా నిలిచిన గ్రీన్‌బే పాకర్స్‌ను 20-17 తేడాతో ఓడించెను. దానినిబట్టి గ్రీన్‌బే కంటె విద్యార్థులు గొప్పవారని తలచినవాడు ఎవడును లేడు. ఒక్క రాత్రి ఆటకు ఉండవలసిన విలువ అంతే.

వృత్తి లీగు కూడ ఆ బాటనే పట్టి, 1939 జనవరి 15న లాస్ ఏంజిలిస్ నగరమున విజేతయైన న్యూయార్కు జెయింట్స్ జట్టును, మిగిలిన జట్లనుండి ఏర్చినవారితో ఆడించెను. జెయింట్స్ 13-10 తేడాతో గెలిచిరి. ఈ ఆటలో తక్కిన విశేషము లంతగా లేవు గాని, ఆ జాబితాలో లేనివారిని గూర్చి చెప్పక తీరదు. 1934 మొదలు 1945 వరకు ఆ లీగులో ఒక్క నల్లజాతి ఆటగాడును లేడు. అట్టి నిబంధన ఎచ్చటను వ్రాయబడలేదు. అందరికిని తెలిసిన రహస్యముగ అది సాగిపోయెను.

అదే లాస్ ఏంజిలిస్ నగరమున, అక్కడి విశ్వవిద్యాలయ జట్టులో కెన్నీ వాషింగ్టన్ అను నల్లజాతి యువకుడు ఆడుచుండెను. 1939లో దేశమందలి కళాశాల ఆటగాండ్రలో అందరికంటె ఎక్కువ గజములు బంతిని సాగించినవాడతడు. 1940లో చికాగోలో విద్యార్థుల ఏరిన జట్టులో అతనికి చోటు దొరకెను. పాఠకులు ఓటు వేసిరి. అతడు మైదానమున దిగి ఆడెను. వృత్తిజట్టు ఒక్కటియు అతనిని పిలువలేదు. ఓటు వేయు పాఠకునికి కనబడిన ఆటగాడు జీతమిచ్చు యజమానికి కనబడకపోయెను. 1946లో రామ్స్ జట్టు క్లీవ్లాండునుండి లాస్ ఏంజిలిస్‌కు తరలివచ్చి అక్కడి పెద్ద క్రీడాంగణము కావలెనని కోరినప్పుడు, అది ప్రజల సొమ్ముతో కట్టినది గనుక నల్లజాతివారిని వెలివేసిన జట్టుకు ఇయ్యరాదని నల్లజాతి పత్రికా రచయితలు పట్టుబట్టిరి. అప్పుడు గాని వాషింగ్టన్‌కు, అతని సహపాఠి వుడీ స్ట్రోడ్‌కు పిలుపు రాలేదు. అప్పటికి వాషింగ్టన్ వయస్సు 27 ఏండ్లు, మోకాళ్ళు దెబ్బతినియుండెను. మూడేండ్లు ఆడి విరమించెను. 1939 మొదలు 1945 వరకు లీగు ప్రకటించిన మేటి జాబితాలను ఇప్పుడు చదువునప్పుడు, ఆ ఖాళీని కూడ కలిపి చదువవలెను.

ఆ 1946లోనే పాత లీగునకు గట్టి ప్రత్యర్థి బయలుదేరెను. దాని పేరు ఆల్ అమెరికా ఫుట్‌బాల్ కాన్ఫరెన్సు. దానిని తలపెట్టినవాడు కూడ ఆర్చ్ వార్డే. అందలి క్లీవ్లాండ్ బ్రౌన్స్ జట్టు మొదటి ఏటనే మేరియన్ మాట్లీ, బిల్ విల్లిస్ అను ఇద్దరు నల్లజాతివారిని చేర్చుకొని, నాలుగేండ్లును వరుసగా విజేతయయ్యెను. పాత లీగువారు దానిని లెక్కచేయలేదు. బలహీనుల నడుమ బలవంతుడై వెలుగుట ఏమి గొప్ప యనిరి. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు; ఒకే జట్టు ఎల్లప్పుడును గెలుచుటవలననే ఆ లీగునకు జనము తగ్గినది. 1949 డిసెంబరులో అది మూతపడి, దాని మూడు జట్లు పాత లీగులో కలిసినవి.

తగవు తీరినది 1950 సెప్టెంబరు 16 రాత్రి. పాత లీగులో రెండేండ్లుగా విజేతయైన ఫిలడెల్ఫియా ఈగిల్స్‌పై, వారి ఊరనే, 70 వేల మందికి పైగా చూచుచుండగా, బ్రౌన్స్ 35-10 తేడాతో గెలిచిరి. సంవత్సరాంతమున లీగు బిరుదమును కూడ వారే గైకొనిరి. ఆ యేడు అందరికంటె ఎక్కువ దూరము బంతితో పరుగిడినవాడు మాట్లీ. 1951 జనవరిలో ఏరిన జట్ల పోటీని మరల మొదలుపెట్టి, ఈసారి లీగులోని రెండు వర్గములను, అనగా రెండు కాన్ఫరెన్సులను, ఎదురెదురుగ నిలిపిరి. దానికి ప్రో బౌల్ అని పేరు. ఆ ఆటలో ఉత్తముడని ఎంపికయైనవాడు బ్రౌన్స్ క్వార్టర్‌బాక్ ఆటో గ్రహామ్. అంతకు రెండేండ్ల ముందు రెండు లీగులనుండి ఒకే జాబితా తయారుచేసినచో అతనికి చోటిచ్చుటకు పాత లీగు అభిమానులెందరు సమ్మతించియుందురో ఊహించుకొనవచ్చును.

రెండవ ప్రత్యర్థి కథ ఇంకను పెద్దది. లమార్ హంట్ అను టెక్సాస్ చమురు వ్యాపారి కుమారుడు, పాత లీగులో ఒక జట్టును కొనబోయి విఫలుడై, 1959లో తనవంటి మరికొందరు ధనవంతులను కూడగట్టి అమెరికన్ ఫుట్‌బాల్ లీగును స్థాపించెను. యజమానులు తమ్ము తామే మూర్ఖుల సంఘమని పిలుచుకొనిరట! 1960లో 8 జట్లతో ఆట మొదలయ్యెను. ఆరంభమున వారి జట్లలో పాత లీగు వదలివేసినవారు చాలమంది యుండిరి. చికాగో బేర్స్‌లో పదేండ్లు గడిపి 1959లో ఆడక ఊరకుండిన జార్జి బ్లాండా, కొత్త లీగులో హ్యూస్టన్ ఆయిలర్స్ తరఫున 1961లో 36 సారులు బంతిని విసరి టచ్‌డౌన్లు సాధించెను. 1984 వరకు ఆ సంఖ్యను మించినవాడు లేడు. ఇక వాదమునకు కొదువయేమి? బ్లాండా ఎప్పుడును గొప్పవాడే, పాత లీగు గుర్తించలేదని ఒకరు. కాచుకొనువారు చేతగానివారైనందున అతడు గొప్పవాడైనాడని ఇంకొకరు. అంకె మాత్రము రెండు వాదములకును సమానముగ సాక్ష్యము పలికినది. మీద చెప్పిన 22 స్థానములలో లెక్కకు అందునవి కొన్నియే. బంతిని ముట్టక, ముందువరుసలో నిలిచి ఎదిరివానిని అడ్డగించువానికి ఏ అంకెయు లేదు. అతడు గొప్పవాడో కాదో పక్కన నిలిచినవానికే తెలియును. నా వరకు నేను బ్లాండా విషయమున మొదటి వాదము వైపే మొగ్గుదును. అతడు 48 ఏండ్ల వరకు ఆడినాడు మరి.

కొత్త లీగు ఒక విషయమున పాతదానికంటె కన్ను తెరచి చూచినది. దక్షిణ రాష్ట్రములందలి నల్లజాతివారి కళాశాలల మైదానములకు దాని అన్వేషకులు తరచుగ పోవుచుండిరి. 1963లో గ్రాంబ్లింగ్ కళాశాల విద్యార్థియైన బక్ బుకానన్‌ను కొత్త లీగు తన మొత్తము ఎంపికలో మొదటివానిగా తీసికొనెను. అతనినే పాత లీగువారు 19వ విడతలో గాని తలపలేదు. ఒకే మనిషి, ఒకే సంవత్సరము. రెండు జాబితాలలో ఇంత దూరము! బుకానన్ తరువాత కాలమున ఆ క్రీడ కీర్తిమందిరమున చేరెను.

ఇక 1965 జనవరి. కొత్త లీగు తూర్పు, పడమర వర్గముల ఏరిన జట్ల ఆటను న్యూ ఆర్లియన్స్ నగరమున నడుపదలచెను. ఆ నగరము తనకు ఒక వృత్తిజట్టు కావలెనని కోరుచుండెను. ఈ ఆట దానికి పరీక్ష వంటిది. బహిరంగ స్థలములలో జాతిభేదము పాటించుట నేరమని చెప్పు పౌరహక్కుల శాసనము 1964 జూలైలోనే వచ్చినది. అందరిని సమానముగ ఆదరింతుమని నిర్వాహకులు మాట ఇచ్చిరి. ఆటగాండ్రు విమానము దిగిరి. నల్లజాతివారిని ఎక్కించుకొనుటకు టాక్సీలు ఒప్పుకొనలేదు. ఊరిలో వినోదశాలల వాకిట వారిని నిలువరించిరి. ఎర్నీ లాడ్ అనునతడు ఆరున్నర అడుగులకు మించిన మహాకాయుడు. అతనికి ఒకచోట తుపాకి చూపిరి. మేటి ఆటగాండ్రని దేశము ఎన్నుకొన్నవారు ఊరిలో కాఫీకై తిరుగుటకు భయపడవలసివచ్చెను.

నల్లజాతి ఆటగాండ్రు 21 మంది యుండిరి. వారు ఒకచోట కూడి మాట్లాడుకొనిరి. బఫెలో జట్టువాడైన కుకీ గిల్‌క్రిస్ట్, కాన్సాస్ సిటీ జట్టువాడైన ఆబ్నర్ హేన్స్ మొదలగువారు ముందు నిలిచిరి. ఆడక వెడలిపోవుటకు నిశ్చయమయ్యెను. రాన్ మిక్స్ అను తెల్లజాతి ఆటగాడు వారియొద్దకు పోయి, ఉండి ఆడి చూపుడని మొదట నచ్చచెప్పెను. వారి మాట విన్న తరువాత తానును వారి వెంట నడచెను. తరువాత కాలమున అమెరికా శాసనసభలో సభ్యుడైన జాక్ కెంప్ కూడ వారిని బలపరచెను. యుద్ధకాలమున విమానయోధుడుగ పేరుపొంది, అటుపిమ్మట ఒక రాష్ట్ర గవర్నరుగ పనిచేసిన జో ఫాస్ అప్పుడు లీగు అధిపతి. ఆయన జాగుచేయక ఆటను హ్యూస్టన్ నగరమునకు మార్చెను. జనవరి 16న అచ్చట పడమటి వర్గము 38-14 తేడాతో గెలిచెను.

ఈ 38-14 అను అంకెను క్రీడా గ్రంథములన్నియు వ్రాసికొన్నవి. ఏ వర్గము బలమైనదో దానివలన తెలిసినది చాల తక్కువ. ఒక్కొక్క ఊరినుండి వచ్చి వారమురోజులు మాత్రము కలిసియుండు ఏరిన జట్టు, సాధారణముగ ఒక జట్టే కాదు. ఆట ముగియగనే ఎవరి దారి వారిది. ఆ వారము మాత్రము ఆ 21 మంది నిజముగ ఒక జట్టుగ నిలిచిరి. దానికి మూల్యము లేకపోలేదు. గిల్‌క్రిస్ట్, హేన్స్ ఇద్దరును అదే యేడు తమ జట్లనుండి డెన్వరుకు మార్చబడిరి. యజమానులు ఈ కారణము చెప్పలేదు. ఆటగాండ్రు వేరు కారణము నమ్మలేదు. న్యూ ఆర్లియన్స్‌కు వృత్తిజట్టు దొరకెను గాని, 1966 నవంబరులో, అదియు పాత లీగునుండి.

మరుసటి జనవరిలో కొత్త లీగు పాత పద్ధతికి తిరిగిపోయి, విజేతయైన బఫెలో బిల్స్‌ను తక్కిన లీగులో ఏరిన జట్టుతో ఆడించెను. ఏరిన జట్టు 30-19 తేడాతో గెలిచెను. బఫెలో జట్టు లోపమేమో ఎవరికిని బోధపడలేదు.

ఇంతలో టెలివిజను సొమ్ము ఆటను తలక్రిందులు చేసెను. 1964లో ఎన్‌బీసీ సంస్థ కొత్త లీగుతో అయిదేండ్లకు 3 కోట్ల 60 లక్షల డాలర్లకు ఒప్పందము చేసికొనెను. ఆ బలముతో న్యూయార్కు జెట్స్ జట్టు 1965లో జో నేమత్ అను యువకునికి నాలుగు లక్షల డాలర్లకు పైబడి ముట్టజెప్పెను. ఆటగాండ్రకై వేలంపాట పెరిగి రెండు లీగుల బొక్కసములును కుంగజొచ్చినవి. 1966 జూన్ 8న రెండును కలియుటకు ఒడంబడిక ప్రకటించిరి. 1970 వరకు వేర్వేరుగ ఆడుట, ఏటేట విజేతలను ఒక తుదిపోటీలో తలపడజేయుట అందలి షరతు. సూపర్ బౌల్ అను పేరుతో లోకమెరిగినది ఆ తుదిపోటీయే.

1967 జనవరి 15న మొదటి పోటీలో పాత లీగువారైన గ్రీన్‌బే 35-10 తేడాతో కాన్సాస్ సిటీపై గెలిచిరి. విలేఖరులు గుచ్చి గుచ్చి అడుగగా, కాన్సాస్ సిటీ తమ లీగులోని మేలైన జట్లకు సాటిరాదని గ్రీన్‌బే శిక్షకుడు విన్స్ లొంబార్డి అనివేసెను. ఆ మాట కాన్సాస్ సిటీవారిని కాల్చినది. ఆ ఆగస్టులో ఒక స్నేహపూర్వకమైన ఆటకు వచ్చిన చికాగో బేర్స్‌ను వారు 66-24 తేడాతో చదును చేసిరి. అది స్నేహమనుటకు మాత్రము వీలులేదు. 1969 జనవరిలో జెట్స్ బాల్టిమోర్ కోల్ట్స్‌ను ఎదుర్కొనిరి. కోల్ట్స్ 18 పాయింట్ల తేడాతో గెలుతురని పందెగాండ్ర లెక్క. జెట్స్ 16-7 తేడాతో గెలిచిరి. మరుసటి యేడు కాన్సాస్ సిటీ కూడ మిన్నెసోటాను ఓడించుటతో నాలుగు పోటీలలో లెక్క రెండు రెండుగ సరిపోయినది.

ఆ 1969లో పాత లీగు తన 50 ఏండ్ల పండుగకు ఒక మేటి జట్టును ప్రకటించి, క్వార్టర్‌బాక్ స్థానమున కోల్ట్స్ ఆటగాడు జానీ యూనిటాస్‌ను నిలిపినది. కొత్త లీగు ముగియు వేళ దాని పదేండ్లకు మరొక మేటి జట్టును ఎన్నుకొనిరి. ఆ స్థానము నేమత్‌ది. స్థానమునకు స్థానమును తూచువారికి ఇంతకంటె మంచి జంట దొరకదు. వాస్తవమున వారిద్దరును ఆ తుదిపోటీలో ఎదురుపడినవారే. కాని యూనిటాస్ చేతినొప్పితో ఆ సంవత్సరమంతయు బాధపడి, ఆట చేజారిన తరువాత ఆలస్యముగ మైదానమునకు వచ్చెను. కోల్ట్స్‌కు వచ్చిన ఆ ఒక్క టచ్‌డౌన్ అతడు దిగిన తరువాతిదే. కాగితముపై జట్లకు నొప్పులుండవు.

1970లో కలయిక పూర్తియైనప్పుడు ఒక చిక్కు వచ్చినది. పాత లీగున 16 జట్లు, కొత్తదాన 10. రెండు కాన్ఫరెన్సులును 13 చొప్పున సమానము కావలెనన్నచో మూడు పాత జట్లు అవతలి పక్షమునకు పోవలెను. ఎవ్వరికిని ఇష్టము లేకుండెను. తుదకు తలకు 30 లక్షల డాలర్లు పుచ్చుకొని క్లీవ్లాండ్, పిట్స్‌బర్గ్, బాల్టిమోర్ జట్లు ఒప్పుకొనినవి. పాత లీగు నేషనల్ కాన్ఫరెన్సు, కొత్తది అమెరికన్ కాన్ఫరెన్సు అయ్యెను. 1971 జనవరి 17న అమెరికన్ కాన్ఫరెన్సు తరఫున సూపర్ బౌల్ గెలిచినది ఎవరనుకొనుచున్నారు? రెండేండ్ల క్రిందట పాత లీగు పరువును పోగొట్టుకొన్న ఆ బాల్టిమోర్ కోల్ట్సే! ఆ విజయము కొత్త లీగు ఖాతాలో వ్రాయబడినది. వారము తరువాత, పదేండ్లుగ జనము కోరుచుండిన ఏరిన జట్ల పోటీ రెండు కాన్ఫరెన్సుల నడుమ మొదటిసారిగ జరిగి, నేషనల్ వారు 27-6 తేడాతో గెలిచిరి. అప్పటికే గీత జరిగిపోయినది. గీతకు ఆవల ఉన్నవారిలో పాతవారును కలసియుండిరి. అసలు రెండు లీగుల మేటి జట్లు, విడివిడిగ ఉన్న ఆ పదేండ్లలో, ఒక్కసారియైనను ఎదురెదురుగ నిలువలేదు.

ప్రో బౌల్ తరువాత అర్ధశతాబ్దము నడచినది. ఎంపికలో 1995 నుండి అభిమానులకును ఆటగాండ్రకును శిక్షకులకును మూడింట నొక్కొక్క వంతు పాలు ఇచ్చిరి. 2014 మొదలు మూడేండ్లు కాన్ఫరెన్సులనే చెరిపివేసి, నాయకులచేత ఆటగాండ్రను పంచుకొనజేసిరి. గాయములకు వెరచి ఎవరును గట్టిగ ఆడకపోవుటచే 2022 తరువాత కూలద్రోయు ఆటనే మాని, నడుమున కట్టిన పట్టీని లాగు తేలిక ఆటగ మార్చిరి.

కొత్త లీగువారి కథ మాత్రము జాబితాలలో ఇంకను తెగలేదు. 1960 దశకపు మేటి జట్టని కీర్తిమందిరమువారు ప్రకటించిన పట్టికలో కొత్త లీగు ఆటగాడొక్కడును లేడు. అందరును పాత లీగువారే. లాన్స్ ఆల్వర్త్‌కు ఆ మందిరమున చోటు దొరకినది 1978లో. కొత్త లీగు ఆటగాండ్రలో అతడు మొదటివాడు. బఫెలో జట్టు ముందువరుసలో తొమ్మిదేండ్లు నిలిచి, పాత లీగులో ఒక్కనాడును అడుగుపెట్టని బిల్లీ షాను 1999లో చేర్చుకొనిరి. కాన్సాస్ సిటీకి చెందిన జానీ రాబిన్సన్ ఆ లీగు పదేండ్ల మేటి జట్టులో 22 మందిలో ఒకడు. 1971లో ఆట మానెను. అతని పేరు పిలిచినది 2019లో. అప్పటికి ఆయనకు 80 ఏండ్లు.